యాంటీబయాటిక్ రాయకుండా నాన్నను ఇంటికి పంపేశారు, ఇదేం వైద్యం?

ప్రశ్న: డాక్టర్ గారూ, నమస్తే. మేము నెదర్లాండ్స్‌లో, ఐండ్‌హోవెన్‌లో ఉంటాం. అమ్మా నాన్నా తెనాలి నుంచి మూడు నెలలు ఉండి వెళ్దామని వచ్చారు. నాన్నకు 64 ఏళ్లు. షుగర్‌కి మెట్‌ఫార్మిన్, గ్లిమెపిరైడ్ కలిసిన మాత్ర వాడతారు. మూడు నెలల సగటు 7.1 ఉంది. మోకాళ్ల నొప్పులకు అప్పుడప్పుడూ డైక్లోఫెనాక్ వేసుకుంటారు. పోయిన గురువారం పొత్తికడుపులో ఎడమవైపు నొప్పి, కొద్దిగా జ్వరం మొదలయ్యాయి. గ్యాసేమో అనుకున్నాం. శనివారానికి అడుగు వేస్తే పొడుస్తోందన్నారు. ఇక్కడి ఫ్యామిలీ డాక్టరు చూసి ఆసుపత్రికి పంపారు. రక్తపరీక్ష, సీటీ స్కాన్ చేసి ‘డైవర్టికులైటిస్, తేలికపాటిదే’ అన్నారు. సీఆర్‌పీ (ఒంట్లో వాపు ఎంతుందో చూపే రక్తపరీక్ష) 64, తెల్లకణాలు 12,400. చీము లేదట, పేగుకు చిల్లు పడలేదట. ఇంత చెప్పి, ‘పారాసెటమాల్ వేసుకోండి, నీళ్లు బాగా తాగండి, రెండు రోజులకు మేమే ఫోన్ చేస్తాం, ఎక్కువైతే వెంటనే రండి’ అని ఇంటికి పంపేశారు. ఒక్క యాంటీబయాటిక్ కూడా రాయలేదు! ఊళ్లో మెడికల్ షాపు నడిపే మా బాబాయి ‘లోపల ఇన్ఫెక్షన్ పెట్టుకుని ఊరికే పంపడమేంటి’ అంటూ, నాన్న సూట్‌కేసులో ఉన్న ఓఫ్లాక్సాసిన్–ఆర్నిడజోల్ మాత్రలు పూటకొకటి చొప్పున ఐదు రోజులు వేయమంటున్నారు. ఇన్సూరెన్స్ ఖర్చు మిగుల్చుకోవడానికే ఇలా చేస్తారని మావారి అనుమానం. మాత్రలు వేయాలా, వద్దా? గింజలున్నవి తినకూడదా? నెలలో తిరుగు ప్రయాణం, వెళ్లొచ్చా? అమ్మ అడగమన్నది ఇంకొకటి: కొత్తావకాయ జాడీ తెచ్చుకున్నాం, అది లేనిదే నాన్నకు ముద్ద దిగదు. పెట్టొచ్చా?

జవాబు: అమ్మా, మీ ఉత్తరం చదివిన రాత్రే మూడు ముక్కలు రాసి పంపాను. సూట్‌కేసులో మాత్రలు వేయకండి, డైక్లోఫెనాక్ ఆపేయండి, పొద్దునా సాయంత్రం జ్వరం చూసి కాగితం మీద రాసిపెట్టండి అని. మూడో రోజుకి నొప్పి సగానికి సగం తగ్గిందని, ఆసుపత్రి వాళ్లు అన్నట్టే ఫోన్ చేసి కనుక్కున్నారని మీరు మళ్లీ రాశారు. సంతోషం. అయితే మీ నాన్నగారికి తగ్గింది కాబట్టి ఆ డాక్టర్లు చేసిందే రైటని నేను అనను. ఒక్కరికి తగ్గడం, తగ్గకపోవడం దేనికీ రుజువు కాదు. మీ బాబాయి గారి మాటకు జవాబు వందలమందిని రెండు వర్గాలుగా విడదీసి చూసినవాళ్ల దగ్గరే దొరుకుతుంది. ఆ లెక్కలు ఉన్నాయి. వాటిలో ఒకటి మీరున్న దేశంలోనే తేలింది.

ముందు జబ్బు సంగతి. వయసు పైబడే కొద్దీ పెద్దపేగు గోడలో అక్కడక్కడా బలహీనమైన చోట్లు ఏర్పడతాయి. రక్తనాళాలు గోడను తొలుచుకుని లోపలికి వెళ్లే చోట ఇది ఎక్కువ. లోపలి ఒత్తిడికి పేగు లోపలి పొర ఆ సందుల్లోంచి చిన్న చిన్న సంచుల్లా బయటికి ఉబ్బుతుంది. పాత సైకిల్ టైరు చిరిగిన చోట ట్యూబు బుడగలా పొడుచుకొస్తుంది చూడండి, అలాగన్నమాట. ఈ సంచులు ఉన్నంతమాత్రాన జబ్బు కాదు. పాశ్చాత్య దేశాల్లో అరవై దాటినవాళ్లలో సగం మందికి ఉంటాయి, వాళ్లలో ఎక్కువమందికి ఆ సంగతి చచ్చేదాకా తెలియదు. ఏదో ఒక సంచి, దాని చుట్టూ ఉన్న పేగు వాచి నొప్పి పుడితే దాన్ని డైవర్టికులైటిస్ అంటారు. యూరప్, అమెరికా వాళ్లకు ఎక్కువగా పెద్దపేగు చివరి వంపులో, అంటే ఎడమవైపు వస్తుంది. జపాన్, కొరియా వాళ్లకు కుడివైపు ఎక్కువ, అది అచ్చం అపెండిసైటిస్‌లా కనిపించి డాక్టర్లనే తికమక పెడుతుంది. మన దగ్గర వాళ్లంత ఎక్కువగా కనిపించదు. అందుకే ఎడమవైపు నొప్పి అనగానే మనకు గ్యాస్ తప్ప ఇంకోటి తోచదు. మీకూ అదే తోచింది, తప్పేం లేదు.

ఇక యాంటీబయాటిక్. మీ బాబాయి గారిని నేను తప్పుపట్టలేను. నేను సర్జరీ నేర్చుకునే రోజుల్లో ఈ జబ్బు పేరు వినగానే కేసు షీటు మీద చెయ్యి దానంతటదే కదిలేది: నోటితో ఏమీ ఇవ్వొద్దు, సెలైన్, సిప్రోఫ్లాక్సాసిన్, మెట్రోనిడజోల్. ఎందుకని ఎవరూ అడగలేదు, నేనూ అడగలేదు. సంచి మూతి దగ్గర మలం అడ్డుపడుతుంది, సూదిమొనంత చిల్లు పడుతుంది, సూక్ష్మజీవులు బయటికొస్తాయి, కాబట్టి వాటిని చంపాలి. ఈ కథ వినడానికి ఎంత సబబుగా ఉందంటే, పరీక్షించి చూడాలన్న ఆలోచనే దశాబ్దాలపాటు ఎవరికీ రాలేదు. ఇప్పుడు చాలామంది నిపుణుల అభిప్రాయం వేరు. తేలికపాటి రకంలో జరిగేది ముఖ్యంగా వాపు. సూక్ష్మజీవులు మొదలుపెట్టిన ఇన్ఫెక్షన్ అని గట్టిగా అనలేం. కొద్దిపాటి తేడా ఉన్నా శరీరమే చుట్టూ కొవ్వుతో కప్పి సరిచేసుకుంటుంది.

ఆ పరీక్ష మొదట పెట్టింది స్వీడన్ వాళ్లు, ఐస్‌లాండ్ వాళ్లు. సీటీ స్కాన్‌లో జబ్బు తేలికపాటిదేనని ఖాయమైన 623 మందిని తీసుకున్నారు. చీటీ వేసినట్టు విడదీసి 314 మందికి యాంటీబయాటిక్ ఇచ్చారు, 309 మందికి సెలైన్ మాత్రం పెట్టారు. ఫలితం 2012లో అచ్చయింది. ఆసుపత్రిలో ఉన్న రోజులు రెండు వర్గాల్లోనూ సమానం. ఏడాదిలో జబ్బు తిరగబెట్టినవాళ్లు రెంటిలోనూ వందకు పదహారుగురు. పేగుకు చిల్లు, చీముగడ్డ లాంటి చిక్కులు మందు వేసుకున్నవారిలో ముగ్గురికి, వేసుకోనివారిలో ఆరుగురికి వచ్చాయి.

ఇక్కడ మీ బాబాయి గారు ‘చూశావా, రెట్టింపు!’ అనడం నాకు ఇక్కడికి వినబడుతోంది. నిజమే, ఆరు మూడుకు రెట్టింపే. కానీ మూడు వందల పైచిలుకు మందిలో ముగ్గురికీ ఆరుగురికీ మధ్య తేడా కేవలం యాదృచ్ఛికంగా కూడా రావచ్చు. పోనీ ఆ తేడా నిజమే అనుకుందాం. అప్పుడూ మందు వల్ల తప్పించుకునేది వందలో ఒక్కరు. మిగతా తొంభై తొమ్మిది మందికీ మందు వేసినా, వేయకపోయినా ఒకటే. ఆ ఒక్కరిని పట్టుకోవడానికే రెండు రోజులకు ఫోన్ చేస్తామన్నారు.

తర్వాత మీ డచ్ వాళ్ల వంతు. 22 ఆసుపత్రులు, 528 మంది, అందరికీ అదే మొదటిసారి రావడం. ఒక వర్గానికి పది రోజుల యాంటీబయాటిక్, మొదటి రెండు రోజులు నరంలోకి. రెండో వర్గానికి నొప్పి మాత్ర, కనిపెట్టుకుని ఉండడం. 2017లో వచ్చిన ఆ ఫలితంలో మీకు పనికొచ్చే అంకెలు రెండు. వర్గంలో సగం మంది పూర్తిగా కోలుకోవడానికి మందు వేసుకున్నవారిలో 12 రోజులు పట్టింది, వేసుకోనివారిలో 14. ఈ రెండు రోజుల తేడా గణాంకాల ముందు నిలిచేది కాదు. కానీ పన్నెండు, పద్నాలుగు రోజులు పడుతుందన్న మాట గుర్తుంచుకోండి, ఎందుకంటే వారం తర్వాత కూడా కాస్త సలుపు ఉంటే ‘అయ్యో, మందు వేయకపోవడం వల్లే’ అని ఇంట్లో మళ్లీ మొదలవుతుంది. మందు వేసుకున్నవాళ్లకూ అంతే పట్టింది. రెండో అంకె: యాంటీబయాటిక్ వర్గంలో వందకు ఎనిమిది మందికి ఆ మందు వల్లే ఏదో ఒక ఇబ్బంది వచ్చింది. రెండో వర్గంలో వెయ్యికి నలుగురు.

దాచకుండా ఇంకోటీ చెప్పాలి. అదే వర్గాల వాళ్లను రెండేళ్ల తర్వాత చూస్తే, ఆపరేషన్ దాకా వెళ్లినవాళ్లు మందు లేని వర్గంలో కొంచెం ఎక్కువ కనిపించారు. అది కూడా గట్టిగా చెప్పగలిగినంత తేడా కాదు. స్వీడన్ వాళ్లను పదకొండేళ్ల తర్వాత వెతికి చూస్తే రెండు వర్గాల్లోనూ మూడోవంతుకు కాస్త తక్కువ మందికే జబ్బు మళ్లీ వచ్చింది, తేడా లేదు.

‘మాత్ర వేసుకున్నామన్న ధైర్యం వల్ల కూడా తగ్గుతుంది కదా, ఆ ధైర్యం లేకపోతే ఎలా’ అని అడిగేవాళ్లుంటారు. మంచి ప్రశ్నే. పై రెండు పరీక్షల్లో ఎవరికి మందు ఇచ్చారో అందరికీ తెలుసు. న్యూజిలాండ్, ఆస్ట్రేలియా డాక్టర్లు 180 మందిలో ఆ లోటు కూడా తీర్చారు. సగం మందికి అసలు మందు, సగం మందికి అచ్చం అలాగే కనిపించే ఉత్తుత్తి మందు. ఎవరిది ఏదో రోగికీ తెలియదు, డాక్టరుకీ తెలియదు. ఆసుపత్రిలో ఉండాల్సిన గంటల్లో చెప్పుకోదగ్గ తేడా రాలేదు. ఇది 2021 సంగతి. అదే ఏడు స్పెయిన్ వాళ్లు మీ నాన్నగారి లాంటివాళ్లను, అంటే ఆసుపత్రిలో చేర్చుకోకుండా ఇంటికి పంపిన 480 మందిని చూశారు. తర్వాత తిరిగొచ్చి చేరాల్సి వచ్చినవాళ్లు మాత్రలు వేసుకున్నవారిలో వందకు ఆరుగురు, వేసుకోనివారిలో ముగ్గురు. వీటిలో అప్పటికి వచ్చినవాటిని చూశాకే బ్రిటన్‌లో 2019లోనూ, అమెరికాలో 2022లోనూ పెద్ద వైద్య సంస్థలు తేలికపాటి రకంలో, ఒంట్లో మిగతా అంతా బాగున్నవాళ్లకు యాంటీబయాటిక్ లేకుండా చూడొచ్చని మార్గదర్శకాలు రాశాయి.

మీవారి అనుమానం సంగతి. అక్కడి డాక్టర్లు దేనికైనా పారాసెటమాలే ఇస్తారని మనవాళ్లు వేసుకునే జోకులు నేనూ విన్నాను. కానీ ఒక్క నిమిషం ఆలోచించండి. డబ్బు మిగుల్చుకోవాలనుకుంటే వాళ్లు ఏం చేసేవాళ్లు? పొట్ట నొక్కి చూసి, చవకైన మాత్రలు ఐదు రోజులకు రాసి, స్కాన్ మానేసేవాళ్లు. మెట్రోనిడజోల్ ఖరీదెంతో మీ బాబాయి గారికి నాకంటే బాగా తెలుసు. వీళ్లు చేసింది తిరగేసి: ఖరీదైన స్కాన్ చేశారు, చవకైన మాత్ర మానేశారు. పైగా ఫోన్ చేసి కనుక్కునే పని నెత్తిన పెట్టుకున్నారు.

నేను ఈ ఉత్తరానికి ఇంత పొడుగు జవాబు రాయడానికి అసలు కారణం ఆ స్కానే. పైన చెప్పిన వాళ్లందరికీ జబ్బేమిటో, ఎంత ఉందో సీటీలో చూశాకే మందు మానేశారు. ఇది చదివి తెనాలిలోనో, నల్గొండలోనో ఎవరైనా ‘ఎడమవైపు నొప్పికి యాంటీబయాటిక్ అక్కర్లేదట’ అనుకుంటే కొంప మునుగుతుంది. ఆ నొప్పి మూత్రనాళంలో రాయి కావచ్చు, ఆడవాళ్లకు అండాశయం మెలిక పడి ఉండవచ్చు, పేగులో గడ్డ కావచ్చు, ఇదే జబ్బు ముదిరి చీము పట్టి ఉండవచ్చు. చూడకుండా మందు ఇవ్వడం ఎంత గుడ్డితనమో, చూడకుండా మందు మానడం అంతకంటే గుడ్డితనం. మీ డాక్టరు ఇప్పటికే యాంటీబయాటిక్ మొదలుపెట్టి ఉంటే ఇది చదివి మధ్యలో ఆపకండి, వెళ్లి అడగండి.

చాలా ఏళ్ల కిందట ఒకాయన నా దగ్గరికి వచ్చాడు. అరవై దాటాయి, బక్కపలచటి మనిషి. పన్నెండు రోజులుగా నొప్పి. షాపులో అడిగి ఒక రకం మాత్రలు మూడు రోజులు, తగ్గలేదని ఇంకో రకం మూడు రోజులు, ఆ తర్వాత ఇంజెక్షన్లు. జ్వరం కొంచెం తగ్గేది, మళ్లీ వచ్చేది. తగ్గిన రోజు ‘పనిచేస్తోంది’ అనుకునేవాడు. స్కాన్ తీస్తే నిమ్మకాయంత చీముగడ్డ. సూది ద్వారా గొట్టం పెట్టి చీము తీయాల్సి వచ్చింది. చిన్న గడ్డలకు మందుతో సరిపోతుంది, ఆ పరిమాణం వచ్చాక కుదరదు. ఆయన ఆ పన్నెండు రోజుల్లో మీ నాన్నగారి కంటే ఎన్నో యాంటీబయాటిక్‌లు ఎక్కువ మింగాడు. పొట్ట మీద చెయ్యి పెట్టి చూసినవాళ్లు మాత్రం ఒక్కరూ లేరు.

యాంటీబయాటిక్ తప్పనిసరిగా కావాల్సినవాళ్లు ఎవరు? స్కాన్‌లో చీము, చిల్లు కనిపించినవాళ్లు సరేసరి. గర్భిణులు. కీమోథెరపీలో ఉన్నవాళ్లు, అవయవ మార్పిడి జరిగినవాళ్లు, స్టెరాయిడ్లు వాడేవాళ్లు. ఈ స్టెరాయిడ్ దగ్గర మనవాళ్లు జాగ్రత్తగా ఉండాలి. కీళ్లనొప్పులకు ఎవరో ఇచ్చే పేరులేని పొడులు, మాత్రల్లో స్టెరాయిడ్ కలిసి ఉండటం కొత్తేమీ కాదు. అది నొప్పిని, జ్వరాన్ని కప్పిపెడుతుంది, లోపల మాత్రం జబ్బు ముదురుతుంది. మీ నాన్నగారి మోకాళ్ల మందుల్లో అలాంటిది ఏదైనా ఉంటే అక్కడి డాక్టరుకు వెంటనే చెప్పండి. వాంతులై మాత్ర, నీళ్లు కడుపులో నిలవనివాళ్లు, బాగా నీరసించిన పెద్దవాళ్లు, ఐదు రోజులు దాటినా నొప్పి దారికి రానివాళ్లు, సీఆర్‌పీ 140 పైన, తెల్లకణాలు 15,000 పైన ఉన్నవాళ్లు కూడా ఈ జాబితాలోకే వస్తారు. మీ నాన్నగారి అంకెలు 64, 12,400. షుగర్ ఉంది కదా అంటారేమో. సగటు 7.1 అంటే అదుపులోనే ఉన్నట్టు, అదొక్కటే కారణంగా యాంటీబయాటిక్ వేయాలని నేననను. అదే 11, 12 ఉంటే నా జవాబు వేరేగా ఉండేది.

సూట్‌కేసులోని మాత్రల విషయానికి వస్తే, ‘అక్కర్లేదు’ అనడంతో సరిపోదు, ఆయనకు అవి మంచివి కావు. ఓఫ్లాక్సాసిన్ రకం మందులు అరవై దాటినవాళ్లలో మడమ వెనక ఉండే గట్టి పట్టును దెబ్బతీసి, ఒక్కోసారి తెంపేస్తాయి కూడా. షుగర్ ఉన్నవాళ్లలో షుగర్‌ను ఉన్నట్టుండి పైకో కిందకో తోస్తాయి. గ్లిమెపిరైడ్ వాడేవాళ్లకు కిందకు పడటం ఎక్కువ. ఈ రకం మందులు తేలికపాటి జబ్బులకు వాడొద్దని యూరప్ మందుల నియంత్రణ సంస్థ 2018లోనే గట్టిగా చెప్పింది. మనం విరేచనాలకీ, కడుపునొప్పికీ చాక్లెట్లలా మింగి మింగి, మన దేశంలో పేగుల్లో ఉండే సూక్ష్మజీవులు చాలావరకు వీటికి లొంగడం మానేశాయి. ఆ స్ట్రిప్ వెనక నిలువుగా ఎర్రగీత ఉంటుంది చూడండి. డాక్టరు రాయకుండా వాడొద్దని దాని అర్థం. అన్నిటికంటే ముఖ్యమైనది, మీరు చెప్పకుండా ఈ మాత్రలు వేసి ఉంటే, మూడో రోజు ఫోన్ చేసిన డాక్టరు మందు వేసుకోని మనిషి గురించి మాట్లాడుతున్నాననుకుని నిర్ణయాలు తీసుకునేవాడు.

నిజంగా ఆ సూట్‌కేసులో తీసి పారేయాల్సిన మాత్ర ఇంకోటి ఉంది, దాని గురించి మీ ఉత్తరంలో ఒక్క ముక్కలో చెప్పేసి దాటేశారు. డైక్లోఫెనాక్. అది, ఎసిక్లోఫెనాక్, ఇబుప్రోఫెన్ లాంటి నొప్పి మాత్రలు ఈ జబ్బు వచ్చే అవకాశాన్ని, పేగుకు చిల్లు పడే ప్రమాదాన్ని పెంచుతాయి. ఇప్పుడే కాదు, ఊరికి వెళ్లాక కూడా మోకాళ్లకు వేరే దారి చూసుకోవాలి. గుండె కోసం ఆస్ప్రిన్ వాడుతుంటే మాత్రం మీ అంతట మీరు ఆపొద్దు. పారాసెటమాల్ వేసేటప్పుడు ఒక చిన్న పొరపాటు జరుగుతుంటుంది. అక్కడి మాత్ర 500, మనం ఊరి నుంచి తెచ్చుకునేది 650. మీరు ఒకటి, అమ్మ ఇంకోటి ఇచ్చి రెండూ కలిసిపోతాయి. ఏదో ఒకటే పెట్టుకుని, మొత్తం రోజుకు 3 గ్రాములు దాటకుండా చూడండి, డాక్టరు ఎక్కువ చెబితే తప్ప.

ఇంట్లో కనిపెట్టుకుని ఉండటం అంటే ఏమిటో చెబుతాను, ఎందుకంటే ఇప్పుడు అదే మీరు చేస్తున్న వైద్యం. జ్వరం 101 దాటినా, నొప్పి తగ్గేది పోయి పెరుగుతున్నా, ఒక్క చోట ఉన్నది పొట్టంతా పాకినా, పొట్ట బల్లలా గట్టిపడినా, వాంతులు ఆగకపోయినా, మలంలో రక్తం పడినా, మూత్రంలో బుడగలు వచ్చినా పొద్దుటిదాకా ఆగొద్దు. 112కు ఫోన్ చేయండి, లేదా నేరుగా ఆ ఆసుపత్రికే వెళ్లండి. నడుస్తున్నప్పుడు, దగ్గినప్పుడు నొప్పి ఎలా ఉందో రోజూ అడగండి. కూర్చున్న మనిషిని ‘ఎలా ఉంది నాన్నా’ అంటే మన పెద్దవాళ్లు ‘బానే ఉందమ్మా’ అనే అంటారు. కూతురి ఇంట్లో ఉన్నప్పుడు మరీను.

తిండి విషయంలో కడుపు మాడ్చాల్సిన పనిలేదు. మొదటి రెండు మూడు రోజులు గంజి, పల్చటి మజ్జిగ, చారునీళ్లు. ఆకలి పుట్టాక ఇడ్లీ, మెత్తగా వండిన పెసరపప్పు అన్నం. ఒక్కటి మాత్రం మరవొద్దు. తిండి సగానికి పడిపోయి గ్లిమెపిరైడ్ మాత్రం ఎప్పటిలాగే వేసుకుంటే షుగర్ పడిపోతుంది. చెమటలు, వణుకు వస్తే జబ్బు ఎక్కువైందని పొరబడతారు. రోజుకు మూడు నాలుగుసార్లు గ్లూకోమీటర్‌తో చూడండి, తిండి కుదుటపడేదాకా ఆ మాత్ర ఎంత వేయాలో అక్కడి డాక్టరును అడగండి. వాంతులైతే మెట్‌ఫార్మిన్ గురించి కూడా అడగాలి.

గింజల భయం డాక్టర్లు పెట్టిందే. జామగింజ, టమాటా గింజ, నువ్వులు వెళ్లి ఆ సంచుల్లో ఇరుక్కుంటాయని మా ముందు తరం వాళ్లు చెప్పేవాళ్లు. మేమూ చెప్పాం. అమెరికాలో 47 వేల మందికి పైగా మగవాళ్లను 18 ఏళ్లపాటు గమనించి 2008లో లెక్క చెప్పారు. పల్లీలు, బాదం లాంటివి, పాప్‌కార్న్ ఎక్కువ తిన్నవాళ్లకు ఈ జబ్బు ఎక్కువ రాలేదు సరికదా, కాస్త తక్కువే వచ్చింది. కాబట్టి పూర్తిగా తగ్గాక జామకాయ నిక్షేపంగా తినొచ్చు. నొప్పి పోయిన పది రోజుల తర్వాత నుంచి పీచు నెమ్మదిగా పెంచండి. జొన్నరొట్టె, రాగిసంకటి, పొట్టు తీయని పెసలు, గోరుచిక్కుడు, తోటకూర. ఒకేసారి పెంచితే కడుపు ఉబ్బి ఆయనే మిమ్మల్ని తిడతారు.

ఆపరేషన్ ఇప్పుడు ప్రసక్తే లేదు. కాకపోతే ఆరు నుంచి ఎనిమిది వారాల తర్వాత ఒకసారి కొలనోస్కోపీ (గొట్టంతో పెద్దపేగు లోపల చూసే పరీక్ష) చేయించండి, ఈ మధ్య ఏడాదిలో చేయించి ఉండకపోతే. పేగు వాచినప్పుడు స్కాన్‌లో గోడ మందంగా కనిపిస్తుంది. క్యాన్సర్ కూడా అరుదుగా అలాగే కనిపించవచ్చు. మళ్లీ ఇంత చిన్న జబ్బుకి అందరికీ చేయాలా అన్న దాని మీద డాక్టర్లలో భిన్నాభిప్రాయాలున్నాయి. 64 ఏళ్ల మనిషికి, ఇంతవరకు ఒక్కసారీ చేయించుకోకపోతే, నేనైతే చేయిస్తాను. వాపు ఉండగా మాత్రం చేయకూడదు, గాలి కొట్టినప్పుడు చిల్లు పడవచ్చు. అది గుంటూరులోనో విజయవాడలోనో కూడా చేయించుకోవచ్చు. అందుకే అక్కడి స్కాన్ సీడీ, రిపోర్టు ఇంగ్లిష్‌లో అడిగి తీసుకోండి. డచ్‌లో ఉన్న కాగితం పట్టుకెళ్తే ఇక్కడ మళ్లీ స్కాన్ తీస్తారు.

ప్రయాణం నెలలో అంటున్నారు కాబట్టి మామూలుగానైతే ఇబ్బంది ఉండదు. కనీసం వారం పాటు జ్వరం, నొప్పి లేకుండా, మామూలు తిండి తింటూ ఉండాలి. బయల్దేరే ముందు ఒకసారి డాక్టరుకు చూపించండి. కొద్దిగా తేడా ఉన్నా టికెట్ మార్చుకోండి. పేగు జబ్బుతో విమానం మధ్యలో ఇరుక్కునే కంటే టికెట్ డబ్బులు పోవడం నయం.

ఇక అమ్మగారి ప్రశ్న. ఆవకాయ వల్ల ఈ జబ్బు వస్తుందని గానీ, తిరగబెడుతుందని గానీ ఎవరూ రుజువు చేయలేదు. అయితే వాచిన పేగు మీద అంత కారం, అంత నూనె ఇప్పుడే వద్దు. జాడీ మూత బిగించి రెండు వారాలు పైన పెట్టించండి. ఆ తర్వాత పెరుగన్నంలో ఊట మాత్రం కాస్త కలిపి పెట్టమనండి, ముక్క ఇంకో వారం ఆగాక.